మీ బదులు మరొకరు పని చూసే రెండు వారాలు: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సొంతంగా కాంట్రాక్టు మీద సర్వర్లు, వెబ్‌సైట్లు చూసుకునేవారికి సెలవు మంజూరు చేసే అధికారి ఉండడు, ఆ రోజుల్లో పని అందుకునే సహోద్యోగీ ఉండడు. ఆపరేషన్ అయినా, కాన్పు అయినా, ఇంట్లో పెళ్లి అయినా మీ బదులు పనిచేసే మనిషిని మీరే కుదుర్చుకోవాలి. పని వచ్చినవారు మనకు తెలిసినవారిలోనే దొరుకుతారు. కష్టమంతా అప్పగింతలో ఉంది.

ముందు మీ ఒప్పంద పత్రం తీసి చదవండి. క్లయింటు రాతపూర్వక అనుమతి లేకుండా పనిని వేరొకరికి అప్పగించకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. షరతు లేకపోయినా చెప్పండి. వచ్చేవారి పేరు, తేదీలు, వారు ముట్టుకునే పనులు, ముట్టుకోని పనులు ఒక మెయిల్లో రాసి, సరేనన్న జవాబు తెప్పించుకోండి.

నాన్నగారి బైపాస్ ఆపరేషన్ సంక్రాంతి ముందు వారంలో పడింది. నేను చూసే ఒక బట్టల దుకాణం వెబ్‌సైటుకు ఏడాది మొత్తంలో అదే పెద్ద గిరాకీ. పాస్‌వర్డులన్నీ రాసి ఒక మిత్రుడికి అప్పగించి ఆసుపత్రికి వెళ్లాను. ఐసీయూ బయట ఫోను తీసుకుని లాకర్లో పెట్టారు. సరిగ్గా ఆ సమయంలోనే చెల్లింపుల పేజీ ఆగిపోయింది. మిత్రుడి దగ్గర పాస్‌వర్డు ఉంది. దాని తర్వాత తెర మీద ఆరంకెల ఓటీపీ కోసం ఖాళీ గడులు కనిపిస్తున్నాయి, ఆ ఓటీపీ మాత్రం లాకర్లో ఉన్న నా ఫోనుకు వస్తోంది. రెండు గంటలు అతను వాటి ముందే కూర్చున్నాడు. సాయంత్రం దుకాణం యజమాని ఫోను చేసి, "నాన్నగారికి ఎలా ఉందండీ?" అని మాత్రమే అడిగారు. ఆర్డర్ల మాట ఎత్తలేదు. నాకు ఈ రోజుకీ ఆ పిలుపు గుర్తుంది.

అందుకే అన్నిటికన్నా ముందు ఓటీపీల జాబితా రాయమంటాను. డొమైన్, క్లౌడ్ ఖాతా, చెల్లింపుల గేట్‌వే, మెయిల్: ఎక్కడెక్కడ మీ ఫోను నంబరు ఉందో ఒక్కొక్కటీ చూడండి. వీలున్న చోటల్లా మీ బదులు వచ్చేవారికి వారి పేరుతోనే వేరే లాగిన్, పనికి సరిపడా అనుమతులు, వారి ఫోనులోనే అథెంటికేటర్ (లాగిన్ కోడ్‌లు చూపించే యాప్) పెట్టించండి. మీ పాస్‌వర్డు ఇవ్వడం, వాట్సాప్‌లో ఓటీపీ పంపడం రెండూ వద్దు. రేపు ఏదైనా జరిగితే ఎవరు చేశారో తేల్చడానికి ఆధారం మిగలదు. వేరే లాగిన్ కుదరని ఖాతాలకు క్లయింటు నంబరును కూడా జతచేయించండి.

తర్వాత గడువులు. మీరు లేని రోజుల్లోనూ, ఆ తర్వాత నెల రోజుల్లోనూ ముగిసే డొమైన్లు (వెబ్‌సైటు పేర్లు), వెబ్‌సైటు భద్రతా సర్టిఫికెట్లు ముందే పొడిగించండి. ఈ సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సాధారణ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. గడువు గుర్తుచేసే మెయిళ్లు పంపడం ఆ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది కాబట్టి ఎవరో హెచ్చరిస్తారని కూర్చోవద్దు. మీ సొంత జీఎస్టీ రిటర్నుల సంగతీ చూడండి. నెలనెలా దాఖలు చేసేవారికి 11, 20 తేదీలు వస్తాయి, అక్కడా ఓటీపీ మీ ఫోనుకే.

వెళ్లడానికి రెండు వారాల ముందు ఒక రోజంతా పని వారికి వదిలేయండి. మీరు ఊళ్లోనే ఉండండి, కానీ ఫోను ఎత్తవద్దు. ఆ రోజు బ్యాకప్ నుంచి డేటాను వేరే సర్వర్‌పైకి ఒకసారి వారి చేతే తిరిగి తెప్పించండి. ఎక్కడ ఆగిపోయారో వారినే రాయమనండి. మీరు పది పేజీలు రాసిచ్చినదానికన్నా ఆ అరపేజీ విలువైనది. ఆ రోజుకూ, పని రాక ఊరికే కాచుకుని ఉన్న రోజులకూ కూడా డబ్బివ్వండి. ఇక్కడ పొదుపు చేయవద్దు.

డేటా బయటికి పోతే ఎవరికి ముందు ఫోను చేయాలో కాగితం మీద రాసివ్వండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను సంస్థలు తెలిసిన 6 గంటల్లోగా నివేదించాలి. మీరు ఆపరేషన్ మత్తులో ఉండగానే ఆ 6 గంటలూ గడిచిపోవచ్చు.

కొత్త కోడ్ రాయించేటట్లయితే మరో పత్రం కావాలి. వారు మీ ఉద్యోగి కాదు కాబట్టి, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం వారు రాసిన కోడ్‌కు సాధారణంగా తొలి హక్కుదారు వారే. హక్కు బదిలీ సంతకంతో రాతలో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లకే, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే పరిమితమని లెక్క. అమెరికా క్లయింటుకు పనిచేసేవారు ఈ రెండు మాటలూ తప్పక రాయించుకోవాలి.

తిరిగి వచ్చిన రోజే వారి లాగిన్లు మూసేయండి, వారికి ఇచ్చిన యాక్సెస్ కీలు (సర్వర్లలోకి వెళ్లే రహస్య కోడ్‌లు) మార్చండి. మార్చిన సంగతి వారికీ చెప్పండి. ఆ తర్వాత ఏం జరిగినా వారి మీద అనుమానం పడదు.