ముద్దాయి తరఫు లాయరే సాక్షి కావాల్సి వస్తే

వకాలత్ (కక్షిదారు తరఫున వాదించే అధికార పత్రం) మీద సంతకం పెట్టేముందే చూసుకోవాల్సిన విషయమిది. ఈ కేసులో మీరు స్వయంగా చూసింది, విన్నది ఏమైనా ఉందా? ముద్దాయిని స్టేషన్‌కు తీసుకెళ్లి అప్పగించింది మీరే, రికార్డులో మాత్రం అరెస్టు మర్నాడు ఇంకోచోట జరిగినట్టు రాశారనుకోండి. ఆ తేదీ మీదే కేసు నిలబడితే మీరు అప్పటికే సాక్షి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 13వది దీని గురించే. సాక్షి కావాల్సి వస్తుందని నమ్మడానికి కారణం ఉంటే కేసు తీసుకోకూడదు. తీసుకున్నాక ఆ సంగతి బయటపడితే, అది కీలకమైన వాస్తవాంశమైతే, కక్షిదారుకు నష్టం లేకుండా తప్పుకోగలిగినప్పుడు తప్పుకోవాలి. ఈ చివరి షరతును చాలామంది చదవకుండానే దాటేస్తారు. తుది వాదనల రోజున ముద్దాయిని లాయరు లేకుండా వదిలేయమని నియమం చెప్పడం లేదు.

కాబట్టి ముందు వేరే దారి వెతకండి. పై ఉదాహరణలో స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రికార్డు), కాల్ రికార్డులు, వెంట వచ్చిన బంధువు ఉన్నారు. ఫుటేజీ ఎన్నాళ్లో ఉండదు, భద్రపరచమని వెంటనే పిటిషన్ వేయాలి. వీటిలో ఏదో ఒకటి దొరికితే మీరు బోనెక్కే పనే లేదు.

ఎక్కువమంది చిక్కుకునేది సాక్షుల్ని ఒంటరిగా కలిసినప్పుడు. ఆ రోజు ఒకటి చెప్పిన మనిషి కోర్టులో మాట మారిస్తే, పాత మాట రుజువు చేయడానికి మీరు తప్ప ఎవరూ ఉండరు. క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ‘నాతో అలా చెప్పలేదా?’ అని అడిగితే ప్రమాణం లేకుండా మీరే సాక్ష్యమిచ్చినట్టవుతుంది. పైగా అతను కాదంటే అంతటితో సరి. అందుకే, ఆ కేసులో వాదించని మనిషిని వెంటబెట్టుకెళ్లి, రాసుకునే పని ఆయనకే అప్పగించండి.

ప్రాసిక్యూషన్ మీ పేరు సాక్షిగా ఇచ్చినంత మాత్రాన కేసు వదులుకోనక్కర్లేదు. మీ సాక్ష్యం దేనికి అవసరమో చెప్పమని అభ్యంతరం దాఖలు చేయండి. ఆ వివరం లేకుండా లాయర్లను సాక్షులుగా చూపనిస్తే ఎదుటివారికి లాయరు లేకుండా చేసే ఎత్తుగడకు దారి తీసినట్టేనని 2011లో ఒక సివిల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అంది. క్రిమినల్ కేసులోనూ ఆ తర్కం పనికొస్తుంది.

సాక్ష్యం తప్పదని తేలితే ఆలస్యం చేయకండి. కారణం రాసి కక్షిదారుకు తగినంత ముందుగా నోటీసు ఇవ్వాలి, కోర్టులో మెమో వేయాలి, కొత్త లాయరుకు ఫైలు పూర్తిగా అప్పగించాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చేయాలి.

అసలు ప్రమాదం చీఫ్‌లో, అంటే మిమ్మల్ని సాక్షిగా పిలిచిన పక్షం మొదట ప్రశ్నలడిగేటప్పుడు ఉంటుంది. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కక్షిదారు మీకు చెప్పిన మాటలు బయటపెట్టకుండా కాపాడుతుంది. నేరం చేయడానికి సలహా అడగడం లాంటివి మినహాయింపు. 133 ప్రకారం కక్షిదారు మిమ్మల్ని సాక్షిగా పిలిచినంత మాత్రాన ఆ రక్షణ పోదు, ఆ మాటల గురించే ప్రశ్న అడిగితే పోతుంది. అందుకని కొత్త లాయరుతో కూర్చుని ప్రశ్నలు ముందే రాసుకోండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరెవరున్నారు, ఏం చూశారు. ‘ముద్దాయి మీతో ఏమన్నాడు’ అన్న ఒక్క ప్రశ్న దొర్లినా క్రాస్‌లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) ఆ తలుపు పూర్తిగా తెరుస్తారు.

మీ సాక్ష్యం అయ్యేదాకా మిగతా సాక్షులు చెబుతున్నప్పుడు కోర్టు హాల్లో ఉండకండి. కొత్త లాయరు పక్కన కూర్చుని చీటీలు అందించడం అంతకన్నా చేటు.