బ్యాక్‌లాగ్ పడ్డ సెమిస్టర్‌లో బుర్ర పాడవకుండా ఉండాలంటే

ముందు నిద్ర సంగతి చూస్కోండి, రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి పొద్దున టిఫిన్ మానేసి క్లాసుకి పరిగెత్తితే ఎంత తెలివైనోడికైనా చిరాకే, నేనూ సెకండియర్ మొత్తం అలాగే తగలేశా. ఫోన్ చార్జింగ్ మంచానికి దూరంగా పెట్టండి, అంతే.

బ్యాక్‌లాగ్ పడితే, అంటే సబ్జెక్టు తప్పితే, ఇంట్లో దాచకండి, దాచినకొద్దీ అమ్మ ఫోన్ మోగినప్పుడల్లా గుండె దడ, నాన్న తిడితే ఒక్కరోజు తిడతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటైతే అది మీ తప్పు కాదు, ఆఫీసులో గడువు అడగండి. పక్కోడి ప్యాకేజీ చూసి కుళ్లిపోతుంటే లింక్డిన్ కొన్నాళ్లు తీసేయండి.

రెండు వారాలైనా తినబుద్ధి కాక, ఎవరితో మాట్లాడాలనిపించకపోతే మాత్రం 14416కి కాల్ చెయ్యండి, టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, 2022లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, అర్ధరాత్రైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.