ప్రయాణపు సంచి - 3వ పాఠం: మడత చాకు ఎంచుకోవడం

పోయిన పాఠంలో టార్చిలైటు, సూదీదారం ముగించాం. ఈసారి చాకు. సంచిలో పెట్టుకునే సామానులో జనం ఎక్కువ డబ్బు తగలేసి తక్కువ వాడేది ఇదే. కొనేటప్పుడు బుర్రలో నల్లమల అడవి ఉంటుంది. తీరా తిరిగేది రేణిగుంట జంక్షన్, చిత్తూరు బస్టాండు.

అందుకే అంగడికి పోయే ముందు, ప్రయాణంలో మీరు నిజంగా ఏమేం కోస్తారో ఒక కాగితం మీద రాయండి. సాంబారు పార్సిల్ కవర్‌కు హోటల్‌వాళ్లు వేసిన పీటముడి, బ్యాగు పట్టీ నుంచి వేలాడే దారం, కొత్త చొక్కా ట్యాగు, జామకాయ, దోసకాయ. మే, జూన్ నెలల్లో మన జిల్లాలో తిరిగేవాళ్లయితే మామిడిపండు. ఈ మొత్తంలో కాస్త కష్టమైన పని మామిడిపండు ఒక్కటే. దాన్ని కోసే చాకు మిగతా అన్నిటినీ కోస్తుంది. కాబట్టి కొలత అక్కడే తీసుకుందాం.

ఒక బేనిషా (బంగినపల్లి) పండును ఎడమచేత్తో నిలువుగా నిలబెట్టండి. చాకును టెంకకు ఆనించి కిందికి దించాలి. బ్లేడు మొన అవతలి వైపు కాస్త బయటికి వస్తేనే చెక్క ఒక్క ఊపున ఊడుతుంది. బ్లేడు పొట్టిదైతే మొన పండు లోపలే తిరుగుతుంది. మీరు అటూ ఇటూ లాగుతుంటారు, రసం మోచేతి దాకా కారుతుంది. 6.5 నుంచి 7.5 సెంటీమీటర్ల బ్లేడు ఈ పనికి చాలు. అలాంటి చాకు మడిస్తే అరచేతి వెడల్పుకు కొంచెం అటూ ఇటూగా వస్తుంది, జేబులో కనబడదు. 

పొడవు చూసి మందం చూడకుండా కొనేవాళ్లే ఎక్కువ. చాకు వీపు, అంటే పదును లేని వెనక అంచు, మందం 2 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. 'టాక్టికల్' అని నల్లరంగు పూసి అమ్మేవాటికి 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అది జామకాయను కోయదు, పగలగొడుతుంది. సగం బ్లేడుకు రంపపు పళ్లు ఉన్నది కూడా వద్దు. తాడు బాగా తెగుతుంది, నిజమే. ఆ పళ్లను ఇంట్లో సాన పట్టడం మాత్రం మన వల్ల కాదు.

చట్టం మాట ఇక్కడే చెప్పేస్తాను. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడు ఆయుధం లెక్క. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన కత్తులకు మినహాయింపు ఉంది. మన చాకు ఆ కొలతకు దరిదాపుల్లో కూడా లేదు. అయినా బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేది, రెండువైపులా పదునున్నది కొనకండి. బటన్ చాకుల మీద ఢిల్లీలో 1980 నుంచి ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఉంది. పైగా జామకాయకు బాకు ఎందుకండీ?

ఇక లాక్. తెరిచిన బ్లేడును కొన్ని చాకుల్లో పిడి వీపులోని స్ప్రింగ్ బిగువే నిలబెడుతుంది, గట్టిగా నొక్కితే మడుచుకుంటుంది. కొన్నిటికి పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు వెనక అడ్డంగా నిలబడుతుంది. ఫ్రాన్సువాళ్ల ఒపినెల్ చాకుకు మెడ దగ్గర తిప్పే ఉంగరం ఉంటుంది, దాన్ని 1955లో చేర్చారు. పండ్లకూ పార్సిళ్లకూ నా ఓటు మొదటి రకానికే. లాక్ ఉంది కదా అన్న ధీమాతో చాకుతో డబ్బా మూతలు పెకలించేవాళ్లను చూస్తూనే ఉన్నాం. లాక్ లేని చాకు ఆ ధీమా ఇవ్వదు, చెయ్యి దానంతటదే జాగ్రత్త నేర్చుకుంటుంది. చాకు కొత్తగా పట్టేవాళ్లు, పిల్లలతో ప్రయాణించేవాళ్లు లాక్ ఉన్నదే తీసుకోవచ్చు, తప్పేం లేదు.

ఉక్కు విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు, స్టెయిన్‌లెస్ తీసుకోండి. కార్బన్ ఉక్కు పదును బాగా పడుతుంది కానీ పుల్లమామిడి తగిలితే మరకలు పడుతుంది, తడిగా మడిస్తే తుప్పు పడుతుంది.

పేరున్నదే కావాలంటే స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ ఉంది. 1884లో మొదలైన కంపెనీ అది. వాళ్ల క్లాసిక్, మడిచినప్పుడు 58 మిల్లీమీటర్లు ఉండేది, పార్సిళ్లకు భేషుగ్గా పనికొస్తుంది, మామిడికి చాలదు. మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లుండే స్పార్టన్ రెండిటికీ సరిపోతుంది, ధరే కాస్త కొరుకుతుంది. ఎర్ర పిడి, తెల్ల శిలువ గుర్తు చూసి ఫుట్‌పాత్ మీద మోసపోకండి. అసలుదానికి బ్లేడు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉంటుంది.

అంగట్లో పరీక్ష ఇలా చేయాలి. మన తిరుపతి గాంధీ రోడ్డులోనో మీ ఊరి బజారులోనో స్టీలు సామాన్ల అంగడికి వెళ్లి "అన్నా, ఒకసారి తెరిచి చూస్తా" అని అడిగి మరీ చేతిలోకి తీసుకోండి. బ్లేడు మీద గోరు పట్టే గాడి ఉంటుంది. అక్కడ పట్టి తెరిస్తే గోరు విరిగేంత బిగువు ఉండకూడదు, చివర్లో 'టక్' మనాలి. తెరిచాక బ్లేడును వీపు వైపు పట్టుకుని పక్కలకు ఊపండి. కదిలిందా, అక్కడే పెట్టేయండి. నెల తిరిగేసరికి ఆ వదులు రెట్టింపవుతుంది. మడిచి పైనుంచి చూస్తే బ్లేడు రెండు రేకుల నడుమ ఉండాలి, ఒక పక్క రాసుకుంటే ప్రతిసారీ పదును పోతుంది. చివరగా అంగడివాళ్ల బిల్లు కాగితం ఒకటి అడిగి గాలిలో పట్టుకుని కోయండి. చిరిగితే కంగారు వద్దు, పదును మనం పెట్టుకోవచ్చు. వదులును మాత్రం ఇంట్లో సరిచేయలేం.

ధర దగ్గర నాదొక మొండి లెక్క. ఏ గేటు దగ్గరో వదిలేయాల్సి వచ్చినా ప్రాణం ఉసూరుమనని ధరే సరైన ధర. ఐదారు వందలు దాటకండి. ఎందుకంటే మన ఊళ్లో గేట్లు ఎక్కువ. కొండకు పోయే రోజు అలిపిరిలో సంచులు తనిఖీ చేస్తారు, బస్సులో పోయినా మెట్లెక్కినా తప్పదు. ఆ రోజు చాకు లాడ్జి గదిలోనే ఉండాలి. రేణిగుంట విమానాశ్రయంలో చేతిసంచిలో చాకు పెట్టుకోనివ్వరు, చెకిన్ లగేజీలో వేయాలి. చెన్నై, బెంగళూరు మెట్రోలో స్కానర్ ఉంటుంది. ఆపితే వాదించకండి, చట్టం కొలతలు అక్కడ అప్పజెప్పి లాభం లేదు.

వాడాక మామిడి సొన కీలులో ఎండనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క కీలులో వేసి, బ్లేడుకు అంటింది తుడిచేయండి. వంటనూనె జిగురు కడుతుంది. రైల్లో పక్క సీటు పెద్దాయన చాకు అడిగితే మడిచి సీటు మీద పెట్టండి, ఆయనే తీసుకుంటాడు. చేతికిస్తే గొడవలొస్తాయని మనవాళ్ల నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా వేళ్లకు మంచిదే.

ఈ వారం పని: మీ కాగితం మీద రాసుకున్నవాటిలో గత ప్రయాణంలో నిజంగా అవసరపడనివి కొట్టేయండి. తర్వాత మూడు అంగళ్లలో మూడు చాకులు ఊపి చూడండి, కొనకపోయినా పరవాలేదు. వచ్చే పాఠం సాన పట్టడం. దానికి రాయి కొనవద్దు. అడుగున మెరుపు పూత లేని గరుకు అంచున్న పింగాణీ కప్పు ఒకటి వెతికి పెట్టుకోండి.