రోహిణి కార్తెలో అల్లం బీరు: మూత బిగించే ముందు ఇది చదవండి

పోయిన ఆదివారం గూడూరులో మా పిన్ని కొడుకు చేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఇంట్లో అల్లం బీరు, అంటే అల్లం, పంచదార పులియబెట్టి చేసే బుడగల పానీయం చేసి, మూడు గాజు సీసాల్లో పోసి, మూతలు గట్టిగా బిగించి, కావలిలో పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయాడు. తిరిగొచ్చి ఒక సీసాను ఇలా ఎత్తాడో లేదో చేతిలోనే పేలిపోయింది. ఒక గాజు పెంకు కంటి పక్కనుంచే పోయింది. రోహిణి కార్తె రాకముందే ఇలా అయింది. అసలు ఎండలు ఇంకా ముందున్నాయి.

గిన్నెలు మరిగే నీళ్లతో కడగాలని, తడి గరిటె పెట్టకూడదని నేను చెప్పక్కర్లేదు. ఆవకాయ పెట్టే ఇళ్లలో అది అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. బుడగలు ఆగాయి కదా, పులియడం అయిపోయిందనుకుని మూత బిగించడం.

అల్లం తురుము, పంచదార, నీళ్లు కలిపి ఉంచితే అల్లం తొక్క మీదున్న ఈస్ట్ పంచదారను తింటుంది. తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. 10 గ్రాముల పంచదార నుంచి 5 గ్రాముల గ్యాస్ వస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఆ గ్యాస్‌కు మూడు లీటర్లకు కాస్త తక్కువ చోటు కావాలి. లీటరు సీసాలో 100 గ్రాముల పంచదార వేశారనుకోండి. అదంతా పులిస్తే దాదాపు 28 లీటర్ల గ్యాస్. అది పోయే దారి మీరు మూసేశారు.

మరి బుడగలు ఎందుకు ఆగాయి? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. జాడీని ఏసీ గదిలో పెడతారు. చల్లదనానికి ఈస్ట్ మందగిస్తుంది, చావదు. సీసాల్లో పోసి వంటింటి అలమరలో పెట్టగానే మళ్లీ లేస్తుంది. చలికాలంలో పొంగని దోసెల పిండి మే నెలలో పొద్దున్నే గిన్నె దాటి కిందికి కారడం మీరు చూసిందే కదా. ఇక్కడా అంతే, కాకపోతే గిన్నె బదులు మూత బిగించిన గాజు సీసా ఉంది.

ఇంట్లో బీరు చేసుకునే కిట్లతో చేసేవాళ్లు హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను బట్టి పంచదార ఎంత మిగిలిందో చూపే పరికరం) పెట్టి, రెండు మూడు రోజుల తేడాతో కొలిచి, అంకె మారలేదంటేనే సీసాల్లో పోస్తారు. అదీ 18 నుంచి 22 డిగ్రీలు ఉండే గదుల్లో. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం కాబట్టి ఆ కిట్ల జోలికి పోవద్దు. కానీ ఆ జాగ్రత్త వెనకున్న విషయం తెలుసుకోవాలి. అల్లం బీరులో మనకు తీపి మిగలాలి. తీపి మిగిలిందంటే ఈస్ట్‌కు తిండి మిగిలినట్టే. అంటే అల్లం బీరు బయట ఉన్నంతసేపూ పులుస్తూనే ఉంటుంది. బుడగలు కనిపించినా, కనిపించకపోయినా.

కల్లు గీసేవాళ్లను చూడండి. నురగ కక్కే కుండకు ఎవరూ బిగుతు మూత పెట్టరు. గ్యాస్ పోయే దారి ఉంచుతారు.

ఇంకో మాట. గోలీ సోడా సీసా మందంగా ఉంటుంది, దాంట్లో పోస్తే ఫరవాలేదా అని నన్ను ఇద్దరు అడిగారు. వద్దు. లోపల గ్యాస్ పెరిగే కొద్దీ గోలీ రబ్బరు రింగుకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. దానంతటది ఎప్పటికీ వదలదు.

గాజు వద్దు. విస్కీ సీసాలు, తేనె సీసాలు, పచ్చడి సీసాలు గ్యాస్‌ను ఆపడానికి చేసినవి కావు. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ బాటిల్ తీసుకోండి, అడుగున అయిదు కాళ్లలాగా ఉంటుందే, అది. మంచినీళ్ల బాటిల్ పనికిరాదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. పూటపూటా నొక్కి చూడండి, రాయిలా గట్టిపడిందంటే ఆ క్షణమే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలంలో నాకు ఒక్క రోజులోనే గట్టిపడింది. ఫ్రిజ్‌లో కూడా పులియడం ఆగదు, మందగిస్తుంది, కాబట్టి వారంలో తాగేయండి. రోజూ మూత కాస్త తిప్పి గ్యాస్ వదులుతున్నాం కదా అని ధైర్యపడొద్దు, పంచదార లోపలే ఉంది, ఒక్క రోజు మర్చిపోతే చాలు. ఊరికి వెళ్తుంటే చేయనే వద్దు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ముందు బాటిళ్లు చూసుకోండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. బూజు కనిపిస్తే మొత్తం పారబోయండి. ఆల్కహాల్ కొద్దిగానైనా ఉంటుంది, రోజులు గడిస్తే పెరుగుతుంది. పిల్లలకు, గర్భిణులకు ఇవ్వొద్దు. చల్లారకుండా తెరవొద్దు. ముఖం పక్కకు పెట్టి తెరవండి. బుడగలు ఆగాయని గాజు సీసాకు మూత బిగించొద్దు.

ఇప్పటికే గాజు సీసాల్లో పోసి బిగించి ఉంటే వాటిని ఎత్తొద్దు, కదపొద్దు. పిల్లల్ని బయటికి పంపి, సీసాల మీద మందపాటి దుప్పటి, దాని మీద గోనె సంచులు కప్పండి. ఎండలో ముట్టుకోవద్దు, తెల్లవారుజామున చల్లబడనివ్వండి. హెల్మెట్ అద్దం దించి, మందపాటి చొక్కా, చేతులకు తోలు గ్లౌజులు వేసుకుని, దుప్పటి తీయకుండానే మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. మా పిన్ని వాళ్ల అలమరలో మిగిలిన రెండు సీసాలనూ మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అలాగే తీశాం. మూత సగం తిరగకముందే రెండోది దుప్పటంతా తడిపేసింది.