పండునీ కూరగాయనీ పోషకాల్లో ఎలా పోల్చాలి? నారింజ, క్యారెట్ పెట్టి లెక్క వేద్దాం

"నారింజ మంచిదా, క్యారెట్ మంచిదా?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, ఎందుకంటే ఆ ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. దేనికి మంచిది, ఎంత తింటే, పచ్చిగానా ఉడికించా అనేవి తేల్చుకోకుండా పోల్చడం మొదలుపెడితే మనకి ముందే ఏది ఇష్టమో అదే గెలుస్తుంది. ఆన్‌లైన్‌లో "ఏది బెస్ట్" అంటూ తిరిగే పోస్టులు చాలావరకు ఇలాంటివే. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. మీకు వేరే జంట కావాలంటే పేర్లు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

1. ఏ పోషకం కోసమో ముందే రాసుకోండి

నాలుగైదు చాలు. మనం విటమిన్ సి, విటమిన్ ఎ, పీచు, పొటాషియం, చక్కెర తీసుకుందాం. సంఖ్యలు చూశాక పోషకాల్ని ఎంచుకోవద్దు, అప్పుడు చెయ్యి తెలియకుండానే గెలిచేవాటి వైపు వెళుతుంది.

2. రెండింటికీ ఒకే పట్టిక వాడండి

అమెరికా వ్యవసాయ శాఖ నడిపే ఫుడ్‌డేటా సెంట్రల్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇక్కడి సంఖ్యలు ఆ శాఖ పట్టికలవే. భారత్‌లో జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలున్నాయి, ఇతర దేశాలకీ వాళ్ళ వాళ్ళవి ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదు కానీ నారింజ సంఖ్య ఒకచోట, క్యారెట్ సంఖ్య ఇంకోచోట తియ్యకండి, రకాలూ వేరు, కొలిచే పద్ధతులూ వేరు.

క్యారెట్ అని వెతికితే పచ్చిది, ఉడికించింది, డబ్బాలోది, ఫ్రోజెన్ అని బోలెడు వరసలు వస్తాయి. ఒకటి పచ్చిదైతే రెండోదీ పచ్చిదే ఉండాలి. ఎండినదాన్ని తాజాదానితో అసలే పోల్చొద్దు: తాజా ద్రాక్ష 100 గ్రాముల్లో 69 కేలరీలుంటే ఎండు ద్రాక్షలో 299, నీళ్ళు పోయి మిగతాదంతా దగ్గర పడింది, అంతే. మన జంటకి ఆ గొడవ లేదు, నారింజలో నీరు దాదాపు 87 శాతం, క్యారెట్‌లో 88.

ఇంకో రెండు చిన్న విషయాలు. పట్టికలో ఉండేది తొక్క, గింజలు తీసేశాక తినే భాగం లెక్క, కాబట్టి మీరు తూకం వేసేటప్పుడు కూడా నారింజని ఒలిచాకే వెయ్యండి. పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోకండి, ఆ పోషకాన్ని కొలవలేదని అర్థం.

3. 100 గ్రాముల సంఖ్యలు పక్కపక్కన రాయండి

తాజా నారింజ పండు: 47 కేలరీలు, విటమిన్ సి 53 మి.గ్రా., విటమిన్ ఎ 11 మైక్రోగ్రాములు, పీచు 2.4 గ్రా., పొటాషియం 181 మి.గ్రా., చక్కెర 9.4 గ్రా.

పచ్చి క్యారెట్: 41 కేలరీలు, విటమిన్ సి 6 మి.గ్రా., విటమిన్ ఎ 835 మైక్రోగ్రాములు, పీచు 2.8 గ్రా., పొటాషియం 320 మి.గ్రా., చక్కెర 4.7 గ్రా.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది యూనిట్ల దగ్గర. ఇదే క్యారెట్‌కి కొన్నిచోట్ల విటమిన్ ఎ పాత కొలమానమైన ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు)లో "16,706 ఐయూ" అని కనిపిస్తుంది, చూడగానే అబ్బో అనిపిస్తుంది, కానీ అదీ 835 మైక్రోగ్రాములూ ఒకే క్యారెట్ గురించి చెప్పినవే. క్యారెట్‌లో ఉండేది నేరుగా విటమిన్ ఎ కాదు, బీటా కెరోటిన్, దాని జాతివే ఇంకొన్ని. ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ని 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ కింద లెక్కగడతారు, పాత ఐయూ లెక్క ఇంతకంటే చాలా ఉదారంగా ఉండేది. అందుకే యూనిట్ దగ్గర "ఆర్‌ఏఈ" (ఈ 12కి 1 లాంటి మార్పిడి చేశాక వచ్చే విటమిన్ ఎ లెక్క) అని ఉన్న సంఖ్యే తీసుకోండి. శక్తిని కూడా చూసుకోండి, కిలోజౌల్స్‌లో ఉంటే 4.184తో భాగిస్తే కేలరీలొస్తాయి.

4. రోజు అవసరంతో భాగించండి

పొటాషియం 320, విటమిన్ సి 53 అని చూసి పొటాషియమే ఎక్కువ అనుకుంటే అంతా తలకిందులే. ఒంటికి ఏది ఎంత కావాలో దానితో భాగిస్తేనే ఆ సంఖ్యకి అర్థం. అమెరికాలో లేబుళ్ళకి వాడే రోజువారీ విలువలు విటమిన్ సి 90 మి.గ్రా., విటమిన్ ఎ 900 మైక్రోగ్రాములు, పీచు 28 గ్రా., పొటాషియం 4,700 మి.గ్రా.

100 గ్రాముల నారింజ రోజు విటమిన్ సి లో 59 శాతం ఇస్తే క్యారెట్ ఇచ్చేది 7 లోపే. విటమిన్ ఎ లో క్యారెట్ ఏకంగా 93 శాతం, నారింజ ఒక్క శాతం. చూడ్డానికి రెండూ ఒకే రంగు, పనిలో మాత్రం పొంతనే లేదు! ఇంతకుముందు ఘనంగా కనిపించిన ఆ 320 మి.గ్రా. పొటాషియం వచ్చి 7 శాతం, నారింజది 4. పీచులో 10కి 9, దాదాపు సమానం.

5. నిజంగా తినే మోతాదుకి మార్చండి

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే అడుగు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఎవరూ 100 గ్రాములు కొలుచుకుని తినరు, ఒక కాయో రెండో తింటారు. మధ్యస్థంగా ఉండే నారింజ ఒలిస్తే దాదాపు 131 గ్రాములు, మధ్యస్థంగా ఉండే క్యారెట్ 61 గ్రాములు. 100 గ్రాముల సంఖ్యని ఈ బరువుతో గుణించి 100తో భాగించండి.

ఇప్పుడు పీచు చూడండి. 100 గ్రాముల లెక్కలో క్యారెట్ కాస్త ముందుంది కదా, కాయల లెక్కకి వచ్చేసరికి నారింజలో 3.1 గ్రాములు, క్యారెట్‌లో 1.7, ఫలితం తిరగబడింది. చక్కెర రెండింతల తేడా కాస్తా నాలుగింతలైంది, 12 గ్రాములకి 3. విటమిన్ ఎ లో క్యారెట్ 93 నుంచి 57 శాతానికి దిగినా దాని దరిదాపుల్లోకి నారింజ రాలేదు. ఏ లెక్కలో చూసినా నిలబడే తేడానే గట్టిది, మోతాదు మారితే తారుమారయ్యేదాన్ని ఎవరికైనా చెప్పేటప్పుడు మోతాదుతో కలిపి చెప్పాలి.

కేలరీలు బాగా తేడా ఉన్న జంటకి, ఉదాహరణకి అరటిపండు 89, పాలకూర 23, వీటికి 100 కేలరీలకి ఎంత పోషకం అనే లెక్క కూడా వేసి చూడండి. మన జంటలో 47కి 41 కాబట్టి దాంతో పనిలేదు.

6. మీరు తినే రూపంలో మళ్ళీ చూడండి

విటమిన్ సి వేడికి పాడవుతుంది, ఉడికించిన నీళ్ళలోకీ దిగిపోతుంది. ఉడికించిన క్యారెట్‌లో అది 6 నుంచి 3.6 మి.గ్రా.కి పడిపోతుంది, కానీ క్యారెట్‌ని మనం తినేది విటమిన్ ఎ కోసం అయితే దిగులు లేదు, అది 852 మైక్రోగ్రాములు, అంటే చెక్కుచెదరలేదు. పైగా ఉడికితే కణాల గోడలు మెత్తబడి కెరోటిన్ బాగా బయటికొస్తుంది, దానికి కాస్త నూనో కొవ్వో తోడైతేనే ఒంటికి పడుతుంది. ఇది పట్టికలో కనిపించదు.

నారింజని జ్యూస్ చేస్తే విటమిన్ సి 100 గ్రాములకి 50 మి.గ్రా. ఉంటుంది, బాగానే నిలిచింది. పీచు మాత్రం 2.4 నుంచి 0.2కి పోతుంది. చక్కెర సంగతీ అంతే: పండులో ఉన్నప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తగ్గించుకోవాల్సిన చక్కెరల్లో కలపదు, జ్యూస్‌గా మారితే కలుపుతుంది. కాబట్టి గ్లాసు జ్యూస్ తాగుతూ "నారింజలో పీచు ఎక్కువ" అనడం కుదరదు.

7. చిన్న తేడాలు వదిలేయండి

పట్టికలో ఉన్నవి సగటులు. రకం, పక్వం, నేల, నిల్వ ఉంచిన రోజులు, అన్నిటినీ బట్టి మారతాయి. 100 గ్రాముల నారింజలో క్యాల్షియం 40 మి.గ్రా., క్యారెట్‌లో 33, రోజు అవసరంలో చూస్తే ఇంచుమించు 3 శాతం రెండూ. దీని మీద వాదించుకునే టైమ్ దండగ.

8. మార్కులు కూడకండి

100 గ్రాముల లెక్కలో ఐదింటిలో నాలుగు క్యారెట్‌కి, ఒకటి నారింజకి అని స్కోరు వేసి విజేతని ప్రకటించకండి, పొటాషియంలో 3 శాతం ఆధిక్యానికీ విటమిన్ ఎ లో 92 శాతం ఆధిక్యానికీ ఒకే మార్కు పడుతుంది అందులో. దాని బదులు షరతుతో ఒక వాక్యం రాయండి: "ఒక కాయ చొప్పున పచ్చిగా తింటే విటమిన్ సి, పీచులకి నారింజ, విటమిన్ ఎ కీ తక్కువ చక్కెరకీ క్యారెట్, మిగతావాటిలో పెద్ద తేడా లేదు." దీన్ని ఎవరైనా పట్టిక తెరిచి సరిచూసుకోవచ్చు.