నడుముతో చేసిన షోల్డర్ ప్రెస్

బార్‌బెల్ తలపైకి ఎత్తిన ప్రతిసారీ భుజాల కన్నా ముందు నా నడుము అలిసిపోయేది. పక్క నుంచి వీడియో తీసుకుని చూస్తే సంగతి తెలిసింది: విల్లులా వెనక్కి వంగి, భుజాల పనిని ఛాతీ పైభాగానికి అప్పగిస్తున్నాను! బరువు 30 కిలోల నుంచి 20కి తగ్గించాను (అహం కాస్త నొచ్చుకుంది). పిరుదులు, పొట్ట బిగించి పక్కటెముకలు పైకి లేవకుండా చూసుకున్నాను. మోచేతులను బార్‌కు కాస్త ముందుకు తెచ్చి, ముంజేతులు నిటారుగా ఉంచాను. బార్ ముఖాన్ని దాదాపు రాసుకుంటూ పైకి వెళ్లాలి. అది నుదురు దాటగానే తల బార్ కిందికి రావాలి. చివర్లో భుజాలను చెవుల వైపు కొద్దిగా ఎగదోస్తే ట్రెపీజియస్ (మెడ నుంచి భుజాలు, వీపు పైభాగం వరకు పరచుకున్న కండరం) కూడా పనిలోకి దిగుతుంది. ఇన్నాళ్లూ భుజాలను కిందికి అదిమిపెట్టడమే సరైనదనుకున్నాను. మూడో వారానికి నడుము ఊసే లేదు. మర్నాటి నొప్పంతా డెల్టాయిడ్లలోనే, అంటే భుజాల కండరాల్లోనే.