ఎముకపై నానో ఇండెంటేషన్: పరీక్షకు ముందు జాగ్రత్తలు

నానో ఇండెంటేషన్ అంటే సన్నని గట్టి మొనను పదార్థంలోకి నొక్కి, భారాన్నీ పడిన అతి చిన్న గుంత లోతునూ బట్టి దాని దృఢత్వం, కాఠిన్యం కొలవడం. ఎముకకు పొడవు దిశలో ఉన్నంత దృఢత్వం అడ్డంగా ఉండదు. అందుకే యంత్రం దగ్గర కూర్చునే ముందే చాలా పని ఉంటుంది.

– కోయకముందే ఎముక పొడవు అక్షాన్ని చెరగని సిరాతో గుర్తించండి. ముక్క చిన్నదయ్యాక ఏది నిలువో, ఏది అడ్డమో తేల్చడం కష్టం. దిశ తెలియని రీడింగును నేనైతే లెక్కలోకే తీసుకోను. కనీసం రెండు దిశల్లో తలాలు సిద్ధం చేయండి.

– నమూనాను సెలైన్‌తో తడిగా ఉంచండి. ఎండిన ఎముక ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. ఎండబెట్టి పరీక్షిస్తే ఆ సంగతి నివేదికలో తప్పక రాయండి.

– పాలిష్ చేశాక తలం గరుకుదనం గుంత గరిష్ఠ లోతులో 5 శాతం దాటకూడదు.

– మొనను ఫ్యూజ్డ్ సిలికాపై (గాజు లాంటి ప్రామాణిక పదార్థం) సరిచూడండి. దాని మాడ్యులస్ (దృఢత్వపు కొలత) సుమారు 72 గిగాపాస్కల్ రావాలి.

– గుంతల మధ్య దూరం లోతుకు కనీసం 10 రెట్లు. హావర్సియన్ నాళాల (ఎముకలో రక్తనాళాలు సాగే సన్నని గొట్టాలు) అంచులను వదిలేయండి.

– గరిష్ఠ భారం వద్ద కొంతసేపు నిలపండి. లేకుంటే ఎముక నెమ్మదిగా కుంగుతూనే ఉండి, భారం తగ్గించేటప్పటి వక్రరేఖ వాలు తప్పుగా వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది లెక్క. ఆ వాలు నుంచి మాడ్యులస్ లెక్కించే 1992 నాటి ఆలివర్–ఫార్ పద్ధతి, పదార్థం అన్ని దిశల్లో ఒకేలా ఉంటుందని అనుకుని సాగుతుంది. కానీ మూడు ముఖాల పిరమిడ్ ఆకారపు బెర్కోవిచ్ మొన కింద ఎముక అన్ని వైపులా నలుగుతుంది. వచ్చే మాడ్యులస్ ఒక్క దిశది కాదు, పలు దిశలు కలిసిన ఒక రకం సగటు. దాన్ని యంగ్ మాడ్యులస్‌గా (ఒక్క దిశలోని దృఢత్వంగా) పట్టికలో వేయకండి. ఒకే తలంలో దిశను బట్టి కాఠిన్యం ఎలా మారుతుందో చూడాలంటే, గుంత కర్ణాల నిష్పత్తి దాదాపు 7:1 వచ్చే, సాగిన పిరమిడ్ ఆకారపు నూప్ మొనతో, నమూనాను తిప్పుతూ కొలవండి.